నాన్నగారి కోసం పాత కారు: స్విఫ్ట్ డీజిలా, వ్యాగనార్ పెట్రోలా?

నమస్కారం అండి. మాది తెనాలి. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. నెలకి రెండుసార్లు గుంటూరులో డాక్టర్‌కి చూపించాలి. బస్సు ఎక్కి దిగడం ఆయన వల్ల కావట్లేదు.

రెండు సెకండ్ హ్యాండ్ బండ్లు నడిపి చూశాను. 2017 స్విఫ్ట్ డీజిల్ రెండో గేర్‌లో కాస్త బద్ధకంగా ఉన్నా, 2000 ఆర్‌పీఎం దాటగానే టర్బో అందుకుని జోరుగా లాగుతుంది. హైవే మీద నిలకడగా వెళ్తుంది. నాకు అదే నచ్చింది. కానీ సీటు కిందకి ఉంది, నాన్నగారు తలుపు పట్టుకుని కష్టం మీద లేచారు. 2019 వ్యాగనార్ 1.2లో మాత్రం కుర్చీలో కూర్చున్నట్టు కూర్చున్నారు, ఆ ముఖం చూసి మనసు అటే లాగుతోంది. కానీ స్పీడు ఎనభై దాటితే, పక్కగాలికి కాస్త ఊగినట్టు అనిపించింది. ఇంట్లో వాళ్లందరితో వెళ్తే ఇబ్బందా?

మా తిరుగుడు నెలకి నాలుగు వందల కిలోమీటర్లు మించదు. అంత తక్కువకి డీజిల్ దండగేనా?

ఇంకో టెన్షన్. వ్యాగనార్ లోన్ తీరిపోయిందంటున్నారు, ఆర్సీలో మాత్రం ఇంకా బ్యాంకు పేరుంది. ఫారం 35 (ఆర్సీలో బ్యాంకు పేరు తీయించేది), బ్యాంకు ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) చేతికొచ్చాకే అడ్వాన్స్ ఇవ్వాలా, లేక ఓనర్ పేరు మార్చే ఫారం 29, 30తో పాటు ఒకేసారి పెట్టొచ్చా? ఈ మధ్య ఇలా బండి తమ పేరు మీదకి మార్పించుకున్నవాళ్లు దయచేసి చెప్పండి. ఆదివారం లోపు ఓనర్‌కి మాట ఇవ్వాలి.