కంపోస్టబుల్ కవరు కుళ్ళలేదు, పిల్లలకు ఏం చెప్పాలి?

ఏడో తరగతి టీచర్:
జూన్ ఆఖర్లో మా పిల్లలు అయిదు కుండీల్లో తడిమట్టి నింపి అరటి తొక్క, మోదుగాకు విస్తరి, పేపర్ కప్పు, చిప్స్ ప్యాకెట్, ‘కంపోస్టబుల్’ (అంటే కుళ్ళి ఎరువయ్యేది) అని రాసున్న కవరు కుండీకొకటి చొప్పున పాతారు. రెండు నెలలకి, నిన్న తవ్వాం. తొక్క ఆనవాలు లేదు. విస్తరి నల్లబడి ఈనెలు మిగిలాయి. కప్పులో కాగితం పోయి, లోపలి పల్చటి ప్లాస్టిక్ పొర పాము కుబుసంలా చేతికొచ్చింది. పిల్లలు ఒకటే కేకలు. చిప్స్ ప్యాకెట్ మెరుపు కూడా తగ్గలేదు. గొడవంతా కవరుతోనే, అది చెక్కుచెదరలేదు. "టీచర్, అబద్ధం రాశారా?" అన్నారు. ఒకబ్బాయి నాన్నగారైతే ఈ ప్రయోగమే దండగ అంటున్నారు. మీరేమంటారు?

పాలిమర్_బాబాయ్:
అబద్ధం కాదు టీచర్ గారూ, సగం నిజం. ఆ ముద్రకు ఆధారం ఐఎస్ 17088 అనే భారతీయ ప్రమాణం. పరీక్ష చేసేది దాదాపు 58 డిగ్రీల వేడి ఉండే కంపోస్టులో. పెద్ద పెంటదిబ్బ నడిమధ్య అంత వేడి పుట్టొచ్చు గానీ, కుండీలో పుట్టిన వేడి పుట్టినట్టే పోతుంది.

ఓ_తండ్రి:
ఆ నాన్నను నేనే. ‘కుళ్ళేది మంచిది, కుళ్ళనిది చెడ్డది’ అనే పాఠం మావాడు ఇంటికి మోసుకొచ్చాడు. మర్నాడే తొక్కలన్నీ పాలిథిన్ సంచిలో మూటగట్టి చెత్తబుట్టలో వేసి, "కుళ్ళుతాయిలే నాన్నా" అన్నాడు. డంప్‌యార్డులో గాలాడకుండా కుళ్ళితే వచ్చేది భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు, స్పూన్లు నిషేధించారు, చిప్స్ ప్యాకెట్ జోలికి మాత్రం పోలేదు. పొర మీద పొర అతికించిన దాన్ని విడదీయడమే కష్టం. మరి కొనడం తగ్గించే పాఠమేది?

రిటైర్డ్_మాస్టారు:
నిజమే బాబూ, కానీ చేత్తో తవ్వి చూసింది పిల్లవాడు మరిచిపోడు. నాకు కనిపించిన లోటు వేరు, పోలికకు కుండీ లేదు. బాగా వేయించి చల్లార్చిన మట్టి పోసి, కాచిన నీళ్ళు చల్లి, మూతపెట్టి అదే తొక్క పాతండమ్మా. తొక్క మీదా సూక్ష్మజీవులు ఉంటాయి కాబట్టి కుళ్ళడం పూర్తిగా ఆగదు, వెనకబడుతుంది. తినేది మట్టి కాదు, మట్టిలోని జీవులని అప్పుడు తెలుస్తుంది. అన్నట్టు, విస్తరి కొనేటప్పుడు తిప్పి చూడండి. మిషన్ మీద ఒత్తినవాటిలో కొన్నిటికి కింద ప్లాస్టిక్ షీటు ఉంటోంది.

ఏడో తరగతి టీచర్:
వారం రోజులు బడిలో రేపర్లు ఏరించాను. బకెట్ నిండింది, ఎక్కువగా అయిదు రూపాయల ప్యాకెట్లే. సీసాలోంచి తీసిచ్చే పల్లీ పట్టీలైతే డబ్బా తెచ్చుకుంటామని ఓ అమ్మాయి అంది. ఎదుటి కొట్టాయన సరేనన్నాడు.

ఓ_తండ్రి:
డబ్బా బాగానే ఉంది టీచర్ గారూ. మావాడు ఇవాళ చిప్స్ ప్యాకెట్ చించి అందులో పోసుకుని బడికొచ్చాడు.