ఇకిటోస్: నాలుగు రాత్రుల్లో ఊరికి ఎన్ని, అడవికి ఎన్ని?

రేవుగట్టు
పెరూలో ఇకిటోస్‌కి మే రెండో వారం అనుకుంటున్నాం. ఇద్దరు పెద్దవాళ్లు, పద్నాలుగేళ్ల అమ్మాయి. లీమా నుంచి విమానం, చేతిలో నాలుగు రాత్రులు. ఏజెంటు మాట ఇదీ: "ఊళ్లో చప్పుడు తప్ప ఏం లేదు. ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా అడవి లాడ్జికి తీసుకుపోతాం, నాలుగు రాత్రులూ అక్కడే." కొందరేమో ఊరే అసలు చూడాల్సింది అంటున్నారు. తెలిసినవాళ్లు తేల్చండి.

గూటిపడవ
ఏజెంటు అబద్ధమేం చెప్పలేదు. రోడ్డు దారి లేని ఊళ్లలో ప్రపంచంలోకెల్లా పెద్దది ఇదే అంటారు, నాలుగు లక్షల పైచిలుకు జనం. కార్లు తక్కువ, మోటోటాక్సీలు లెక్కలేనన్ని. మన ఆటోలా ఒకే బండి కాదది. ముందు సగం మోటార్‌సైకిలు, వెనక సగం రెండు చక్రాల మీద బెంచీ, పైన టాపు. సైలెన్సర్ పేరుకే. మధ్యాహ్నం 32, 33 డిగ్రీలు, ఒంటిమీద చెమట ఆరదు. అంతదూరం పోయి బెజవాడ బీసెంట్ రోడ్డులో నిలబడ్డట్టు ఉంటుంది.

లెక్క చూడండి. లాడ్జిలో రెండు రాత్రులంటే చేతికొచ్చేది ఒక్కటే పూర్తి రోజు. మొదటి రోజు మధ్యాహ్నానికి చేరతారు, మూడో రోజు పొద్దున్నే తిరుగు పడవ. అడవిలో ఏదైనా కనబడేది తెల్లవారుజామున ఐదున్నర నుంచి ఎనిమిది దాకా, మళ్లీ సాయంత్రం నాలుగు దాటాక, ఆపైన రాత్రి టార్చి వేసుకుని పడవలో. ఊరికి ఒక రాత్రి ఇస్తే ఆ మూడు పూటలూ పోయినట్టే.

ఇనపసందూకు
మూడు పూటల లెక్క బాగుంది గానీ, ఏ లాడ్జి అన్నది చెప్పకుండా లెక్కేంటండీ? ఊరికి గంట, గంటన్నర దూరంలో ఉన్న లాడ్జిల చుట్టూ ఉండేది ఎక్కువగా ఒకసారి నరికాక మళ్లీ పెరిగిన అడవి. పెద్ద జంతువులు ఎప్పుడో వేటలో పోయాయి. అసలైన అడవి కావాలంటే పకాయా-సమీరియా రిజర్వ్‌కి (20,000 చదరపు కిలోమీటర్ల పైన), లేదంటే తంషియాకు-తవాయో వైపు వెళ్లాలి. పడవలోనే కొన్ని గంటలు పోతాయి. అలాంటి చోటైతే మూడు రాత్రులు ఇవ్వండి, నేనూ కాదనను. దగ్గర లాడ్జిలో నాలుగు రాత్రులు పడుకోవడం కంటే మాత్రం ఊరే నయం.

ఊళ్లో ఏముందంటారా? రబ్బరు ఉంది. 1880 ప్రాంతం నుంచి 1912 దాకా ఇక్కణ్ణుంచి రబ్బరు ఎక్కించుకుని పోయిన ఓడలు యూరప్ నుంచి ఇనుమూ, రంగు పెంకులూ దింపాయి. ఊరి నడిబొడ్డు చౌకు ప్లాసా దె ఆర్మాస్ మూలన ఉన్న కాసా దె ఫియెర్రో అచ్చంగా ఇనప రేకులతో కట్టిన ఇల్లు. గైడ్లందరూ పారిస్ టవర్ ఐఫెల్ కట్టాడనే చెప్తారు, చరిత్రకారులు మాత్రం ఆ మాట మీద ఒక్కటి కాలేదు. ఎవరు కట్టారన్నది పక్కనపెట్టి దగ్గరికెళ్లి చూడండి. పలక పక్కన పలక, అంచుల వెంట వరసగా బోల్టులు, మొత్తం మీద వెండి రంగు. మిట్టమధ్యాహ్నం చెయ్యి ఆనించలేరు. భూమధ్యరేఖకి నాలుగు డిగ్రీల దిగువన రేకుల మేడ కట్టుకున్నారంటే డబ్బు ఏ స్థాయిలో తలకెక్కిందో అర్థమవుతుంది.

ఆ డబ్బు ఎలా వచ్చిందో తెలియాలంటే అయాపువా అనే పాత ఆవిరి పడవ ఎక్కండి. 1906లో హాంబర్గ్‌లో కట్టినది, ఇప్పుడు రబ్బరు కాలం మీద మ్యూజియం. ఇకిటోస్‌లో పైకొచ్చిన హులియో సీజర్ అరానా కంపెనీని 1907లో లండన్‌లో రిజిస్టర్ చేశారు. పుటుమాయో నది వైపు విటోటో, బోరా ఆదివాసుల్ని కొరడా కింద పెట్టి రబ్బరు తీయించింది ఆ కంపెనీయే. దాని మేస్త్రీల్లో బార్బడోస్ వాళ్లు, అంటే బ్రిటిష్ ప్రజలు ఉండబట్టి బ్రిటన్ 1910లో తన కాన్సల్ రోజర్ కేస్‌మెంట్‌ని విచారణకి పంపగలిగింది. నివేదిక 1912లో బయటికొచ్చింది. ఈలోగా, 1876లో హెన్రీ విక్హమ్ అనే ఇంగ్లీషువాడు బ్రెజిల్ నుంచి పట్టుకుపోయిన సుమారు 70,000 రబ్బరు గింజల సంతానం సిలోన్‌లో, మలయాలో తోటలై పాలు కారడం మొదలుపెట్టింది. దాంతో అమెజాన్ రబ్బరు పడిపోయింది. ఆ మలయా తోటల్లో పాలు గీసిన కూలీల్లో మన విశాఖ, గోదావరి జిల్లాల వాళ్లూ ఉన్నారు. ఇక్కడ మేడలు ఖాళీ కావడం, అక్కడ కూలీ లైన్లు నిండటం ఒకే కథలో రెండు కొసలు. ఏజెంటుకి ఇది "ఏం లేదు"!

గూటిపడవ
బాగుంది, ఒప్పుకుంటా. కానీ మీరు చెప్పినదంతా నడుచుకుంటూ మూడు గంటల పని. ప్లాసా, మాలెకాన్ గట్టు మీద పెంకుల మేడలు, పక్కనే అమెజాన్ ఆదివాసుల మ్యూజియం, ఆ పడవ. ఒక సాయంత్రం చాలు. రెండో రోజు ఎందుకు?

చుక్కాని
రెండో రోజు బెలెన్‌కి, అంటే నది ఒడ్డున సంతా, నీళ్ల మీద ఇళ్లూ ఉన్న పేటకి. మే అన్నారు కాబట్టి ఇంకా గట్టిగా చెప్తున్నా.

ఇక్కడ అన్నింటినీ నడిపేది నది మట్టం. ఎగువ నీళ్లు పెరిగేదీ తగ్గేదీ సుమారు 8 నుంచి 10 మీటర్లు, అంటే మూడంతస్తుల మేడ ఎత్తు. ఏప్రిల్-మేలో నిండుగా, ఆగస్టు చివర నుంచి అక్టోబరు దాకా అడుగంటి ఉంటుంది. ఊరి ముందున్నది ఇప్పుడు ఇతాయా నది. అసలు అమెజాన్ పాయ పక్కకి జరిగిపోయింది. ఏ కాలంలో వచ్చారన్నదాన్ని బట్టి మీరు చూసే ఊరే మారిపోతుంది.

కింది బెలెన్‌లో ఇళ్లు రెండు రకాలు. కర్రస్తంభాల మీద కట్టినవి ఒక రకం, తోపా దుంగల మీద తేలేవి రెండోది. తోపా అంటే మనం బాల్సా అంటామే, ఆ తేలిక కర్ర. తేలే ఇంటిని గుంజలకి తాడుతో వదులుగా కడతారు, మట్టంతో పాటు ఇల్లు లేస్తుంది, దిగుతుంది. దుంగలు నీళ్లు పీల్చి కొన్నేళ్లకి బరువెక్కుతాయి. అప్పుడు ఇల్లు ఒక పక్కకి ఒరుగుతుంది, కిందికి కొత్త దుంగలు తోయాలి. మేలో వీధి వీధంతా నీళ్లే కాబట్టి పైనున్న సంత మెట్లు దిగి చిన్న పడవ ఎక్కొచ్చు. సెప్టెంబరులో అదే చోట బురద, చెత్త, పలకల మీద నడక. "బెలెన్ ఛీ" అనేవాళ్లు ఏ నెలలో వెళ్లారో అడగండి.

ఎలా వెళ్లాలంటే: పొద్దున ఆరున్నరకల్లా సంతలో ఉండి తొమ్మిదికి బయటపడాలి. తెలిసిన గైడుతో వెళ్లండి, ఒంటరిగా వద్దు. ఫోను ముందు జేబులో కాదు, బట్టల లోపల సంచీలో. గొలుసులు, వాచీలు గదిలో వదిలేయండి. పడవ మనిషితో బేరం "మనిషికి"నా "పడవకి"నా, ఎంతసేపటికి అన్నది ఎక్కకముందే తేల్చుకోండి. గొడవలన్నీ వచ్చేది అక్కడే. పసాహె పకీతో అనే సందులో బెరళ్లు, వేళ్లు, సారాలో నానేసిన మందులు అమ్ముతారు. చూడండి, వాసన చూడండి, తాగొద్దు.

మట్టిపిడత
ఎవరి ఇంటి వాకిట్లోకో పడవేసుకుని వెళ్లి, అంట్లు తోముకునేవాళ్లని ఫొటో తీయడం మీకు బాగానే ఉందా చుక్కాని గారూ? కింది బెలెన్ తిరునాళ్ల కాదు. పేదలు, ప్రతి ఏటా ఇంట్లోకి నీళ్లు వచ్చేవాళ్లు, తాగునీటికి కటకటపడేవాళ్లు. దీన్ని "తేలే వెనిస్" అని అమ్మడం నాకు మింగుడుపడదు.

పైగా పై సంతలో తాబేలు మాంసం, మొసలి మాంసం, అడవి పంది బల్లల మీదే ఉంటాయి. ఇందులో చట్టవిరుద్ధమైనవి ఎన్నో. మనం కొనకపోయినా గుంపుగా చేరి చూస్తుంటే అదో ఆకర్షణ అయిపోతుంది.

చుక్కాని
ఫొటోల మాట నిజం, ఆ తప్పు నేను సమర్థించను. కెమెరా సంచీలో పెట్టి, ఆ పేటలోనే ఉండే పడవ మనిషికి డబ్బిచ్చి, అక్కడే అరటిపళ్లో కాము-కాము పండు రసమో కొనుక్కుంటే ఆ డబ్బు పేటలోనే ఉంటుంది. మీరన్న అడవి మాంసం సంగతి సరే, మరి అదే బాధ లాడ్జి ప్యాకేజీలకీ వర్తించాలి కదా? సగం ప్యాకేజీల్లో "ఆదివాసీ గ్రామం" అని ఒక ఆట ఉంటుంది. పడవ చప్పుడు వినగానే చొక్కాలు విప్పి పీచు లంగాలు కట్టుకుంటారు, పావుగంట డాన్సు, తర్వాత పూసల దండల అమ్మకం. దానికంటే బెలెన్ నిజాయితీగా ఉంది. అక్కడ ఎవరూ మన కోసం వేషం కట్టరు.

మట్టిపిడత
అది కూడా వద్దనే అంటాను. అసలు కనిపెట్టుకోవాల్సింది ఇంకోటుంది: స్లాత్‌నో (కొమ్మలకి వేలాడుతూ నెమ్మదిగా కదిలే జంతువు), అనకొండనో భుజం మీద వేసి ఫొటో తీయించడానికి పడవ ఆపే చోట్లు. పిల్ల స్లాత్ దొరకాలంటే సాధారణంగా తల్లిని చంపుతారు. పద్నాలుగేళ్ల అమ్మాయి ముద్దుగా ఉందని ఎత్తుకుంటుంది, తర్వాత తెలిస్తే బాధపడుతుంది. పడవ మాట్లాడేటప్పుడే "సిన్ అనిమాలెస్", అంటే జంతువులొద్దు, అని చెప్పేయండి. జంతువులు దగ్గర్నుంచి చూడాలంటే నౌతా రోడ్డులో ఐదు కిలోమీటర్లలోపే మానటీ రక్షణ కేంద్రం ఉంది, తల్లి పోయిన నీటి ఆవు పిల్లల్ని పెంచి నదిలో వదులుతారు. ఇంకోటి పాద్రె కోచాలోని పిల్పింతువాసి. సీతాకోకచిలుకలు, పట్టుబడి వచ్చిన జంతువులు. ఊళ్లో ఒక రాత్రి ఎక్కువ పెట్టమనడానికి నా కారణం ఇదీ, బెలెన్ కాదు.

పిట్టలదొర
అందరూ ఒకటి మర్చిపోయారు. ఊరు దాటి దూరం పోయే పెద్ద రోడ్డు ఒకటుంది, నౌతా దాకా సుమారు 100 కిలోమీటర్లు, అక్కడితో సరి. ఆ రోడ్డు మీద 25 కిలోమీటర్ల దగ్గర అల్పావాయో-మిషానా రిజర్వ్. తెల్ల ఇసక మీద పెరిగే అడవి. నేలలో సారం లేక చెట్లు సన్నగా, గెడకర్రలు పాతినట్టు ఉంటాయి. అందుకే వేరేచోట దొరకని పక్షులు ఇక్కడుంటాయి. ఇకిటోస్ పేరే పెట్టిన చిన్న బూడిదరంగు పిట్టని 2005లో కొత్త జాతిగా ప్రకటించారు, మిగిలినవి బహు కొద్ది. ఊళ్లో నాలుగున్నరకి లేచి మోటోటాక్సీ కాకుండా కారు మాట్లాడుకుంటే వెలుగు వచ్చేసరికి అక్కడుంటారు, పదకొండుకి తిరిగి ఊళ్లో. గూటిపడవ గారి "మూడు పూటలు పోయినట్టే" లెక్క ఇక్కడ తప్పింది.

గూటిపడవ
పిట్టల పిచ్చి ఉన్నవాళ్లకి సరే. మామూలు కుటుంబం నాలుగున్నరకి లేచి కనబడని పిట్ట కోసం మెడ ఎత్తుకుని నిలబడదు. మట్టిపిడత గారి మానటీ మాట మాత్రం తీసుకుంటున్నా.

నా లెక్క సవరించి చెప్తా: 1+3, ఊళ్లో ఒక రాత్రి, అడవిలో మూడు. దిగిన రోజు రాత్రి ఊళ్లో ఎలాగూ తప్పదు, లాడ్జి పడవలు చాలామటుకు పొద్దున్నే పోతాయి కాబట్టి. మేలో అడవిలో నడక దారులు మునిగి ఉంటాయి, చెట్ల మధ్యకి పడవలోనే వెళ్లాలి. కోతులు, స్లాత్‌లు కొమ్మల ఎత్తులో దగ్గరగా కనబడతాయి. నడవాలి, ఇసక గట్లు చూడాలి, చేపలు పట్టాలి అంటే సెప్టెంబరు.

చుక్కాని
1+3లో ఆఖరి రోజు పెద్ద గుంట ఉంది. లాడ్జి నుంచి పడవలో వచ్చి అదే రోజు లీమా విమానం, అక్కణ్ణుంచి అదే రాత్రి అంతర్జాతీయ విమానం పెట్టుకోవద్దు. వాన పడితే విమానం ఆగుతుంది. ఏడాదికి సుమారు 2,900 మిల్లీమీటర్లు పడే ఊరు, హైదరాబాదుకి మూడు రెట్ల పైనే. అందుకే 1+2+1. చివరి రాత్రి ఊళ్లో, మర్నాడు మధ్యాహ్నం విమానం.

పడవ గురించి ఎవరో అడిగేలోపు చెప్పేస్తా. ఎగువనున్న యురిమాగ్వాస్ ఊరి నుంచి సరుకు పడవలో ఊయల కట్టుకుని రావడం రెండు మూడు రోజులు. అక్కడ దాన్ని లాంచా అంటారు, మన లాంచీకి చుట్టమే. సరుకు నిండేదాకా కదలదు. ముందు వేలాడే పలక మీద "ఈరోజు" అని సుద్దతో రాసి ఉంటుంది, మర్నాడూ అదే ఉంటుంది. నాలుగు రాత్రుల వాళ్లకి అది కుదరదు. చిన్న పడవ ఎక్కినా లైఫ్‌జాకెట్ వేసుకుని బిగించాకే కదలనివ్వండి. 2019లో కచ్చులూరు చూసిన మనకి ఈ మాట వేరే చెప్పక్కర్లేదు.

మందులచీటీ
వాదనలో పడి అసలుది వదిలేశారు. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి పది రోజుల ముందు పడాలి, సర్టిఫికెట్ చెల్లేది పదో రోజు నుంచే. ఆ సర్టిఫికెట్ ఉండే పసుపు పుస్తకం లేకుండా పెరూ నుంచి ఇండియాలో దిగితే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. హైదరాబాదులో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు, ముందు ఫోన్ చేసి రోజు కనుక్కోండి. ఇకిటోస్ ఉన్న లొరేతో ప్రాంతంలో మలేరియా ఉంది, క్లోరోక్విన్ పనిచేయని రకం కూడా. ఏ మాత్ర అన్నది డాక్టరు చెప్పాలి. డెంగీ దోమ పగలు కుడుతుంది, ఊళ్లోనూ ఉంటుంది, కాబట్టి "లాడ్జిలోనే దోమలు" అనుకోకండి.

రేవుగట్టు
అందరికీ థాంక్సండీ. 1+2+1 వైపు మొగ్గాం. అమ్మాయి శాకాహారి, తిండి దొరుకుతుందా? ఇంకోటి, దిగేది ఆదివారం మధ్యాహ్నం.

మట్టిపిడత
దొరుకుతుంది గానీ మాట జాగ్రత్త. "సిన్ కార్నె" అంటే వాళ్లకి ఎర్ర మాంసం వద్దనే అర్థం, కోడి పెట్టేస్తారు. "సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ పెస్కాదో" అని, అంటే మాంసం, కోడి, చేప వద్దని మూడూ చెప్పాలి. అన్నం, చిక్కుడుగింజల కూర, వేపిన అరటికాయ, చోంతా అనే తాటిజాతి మొవ్వు సన్నగా రిబ్బన్లలా తీసి చేసే సలాడ్. తకాచో చూడ్డానికి అరటికాయ ముద్దే కానీ పందికొవ్వు వేసి దంచుతారు. హువానె ఆకులో పొట్లం కట్టి ఉడికించిన అన్నం, మన పొట్టిక్కల్లా ముద్దొస్తుంది, లోపల కోడిముక్క ఉంటుంది. అగ్వాహె, కోకోనా పళ్ల రసాలు నిక్షేపంగా తాగొచ్చు, ఐసు వద్దనండి. చిల్లరకి 10, 20 సోల్స్ (పెరూ డబ్బు) నోట్లు ఉంచుకోండి. చిరిగిన డాలరు నోటు ఎవరూ తీసుకోరు.

చుక్కాని
ఆదివారం దిగితే ఆ సాయంత్రం గట్టు, ఇనప ఇల్లు. సోమ, మంగళ రాత్రులు లాడ్జి. బుధవారం మధ్యాహ్నం తిరిగి వచ్చాక పడవవాడిని నేరుగా బెయావిస్తా నానాయ్ రేవులో దింపమనండి, అక్కణ్ణుంచి పిల్పింతువాసికి పడవలో ఇరవై నిమిషాలు. అది సోమవారం మూసి ఉంటుంది కాబట్టి ఈ వరసే కలిసొస్తుంది. గురువారం పొద్దున బెలెన్, లేదా మానటీలు. ఏదో ఒకటే, రెండూ పెట్టుకుంటే విమానం తప్పుతుంది.

మట్టిపిడత
మానటీలు.