ఇంజన్ మార్చిన పాత అంబాసిడర్: వింటేజ్ రిజిస్ట్రేషన్, పన్ను, బీమా

బెజవాడ_అంబాసిడర్:
మా తాతగారు 1968లో కొన్న మార్క్ 2 అంబాసిడర్ ఇప్పటికీ మా ఇంటి వసారాలోనే ఉంది. పెట్రోలు ఖర్చు భరించలేక మా నాన్నగారు 1996లో దాని 1,489 సీసీ ఇంజన్ తీయించి, మటడార్ వ్యాను నుంచి దించిన డీజిల్ ఇంజన్ బిగించారు. ఆ రోజుల్లో చాలామంది చేసిన పనే కనుక దాన్ని ఎవరూ తప్పుగా చూడలేదు. అయితే ఆర్‌సీలో ఈనాటికీ ఇంధనం పెట్రోలు అనే ఉంది, ఇంజన్ నంబరు కూడా పాతదే. అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించినప్పుడల్లా ఛాసిస్ నంబరు చూసి పంపించారే తప్ప, ఇంజన్ నంబరు అడిగిన వారు లేరు. బీమా కూడా ఆ వివరాల మీదే నడుస్తోంది. ఇప్పుడు మళ్లీ గడువు దగ్గర పడింది. యాభై ఏళ్లు దాటింది కాబట్టి వింటేజ్ కింద పెట్టించమని మిత్రులు సలహా ఇస్తున్నారు. ఇంజన్ మార్చిన బండికి అది వర్తిస్తుందా? పన్నులోనూ బీమాలోనూ నిజంగా ఏమైనా కలిసి వస్తుందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

ఫియట్1100_సికింద్రాబాద్:
నా 1967 ఫియట్ కోసం ఈ నిబంధనలన్నీ చదివాను కనుక తెలిసినంత రాస్తాను. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు 2021 జులైలో చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటిన, వ్యాపారానికి వాడని ద్విచక్ర వాహనాలనూ కార్లనూ వింటేజ్‌గా పరిగణిస్తారు. కానీ వయసు ఒక్కటే సరిపోదు. బండి దాని అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్, బాడీ షెల్, ఇంజన్ ఈ మూడింటిలో గణనీయమైన మార్పు జరిగి ఉండకూడదు. రాష్ట్ర స్థాయి కమిటీ బండిని పరిశీలించి వింటేజ్ అవునో కాదో తేలుస్తుంది. పాత నంబరు ఉన్న బండికి ఆ నంబరునే ఉంచుకునే వీలుంది, కొత్తగా రిజిస్టర్ చేయిస్తే రాష్ట్రం కోడ్ తరువాత వీఏ అక్షరాలు వస్తాయి. మీ డీజిల్ ఇంజన్‌తో ఆ కమిటీ ముందుకు వెళ్లడం వృథా ప్రయాస అని నా అభిప్రాయం.

ఇంకొక సంగతి చాలామంది గమనించరు. వింటేజ్ కింద నమోదైన బండిని రోజువారీ పనులకు తిప్పకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, ఇంధనం నింపించుకోవడానికి, మరమ్మతులకు మాత్రమే రోడ్డెక్కించాలి. మా ఆవిడను అదే కారులో ఆదివారం గుడికి తీసుకువెళ్లే అలవాటు నాకుంది కనుక నేను ఇంకా దరఖాస్తు పెట్టలేదు.

విశ్రాంత_సర్వేయరు:
ప్రమాదాల నష్టం అంచనా వేసే పనిలో చాలా ఏళ్లు ఉన్నవాణ్ణి. మొదటి పోస్టులో నన్ను కలవరపెట్టింది వింటేజ్ ప్రశ్న కాదు, ఇన్నేళ్లుగా పెట్రోలు కారు పేరిట డీజిల్ కారుకు పాలసీ తీసుకోవడం. ప్రమాదం జరిగిన బండి దగ్గరకు వెళ్లిన సర్వేయరు మొదట చేసే పని ఛాసిస్, ఇంజన్ నంబర్లను ఆర్‌సీతోనూ పాలసీతోనూ పోల్చుకోవడం. నంబరు కుదరకపోతే సొంత నష్టం క్లెయిము అక్కడే ఆగిపోతుంది, ఆ తరువాత నడిచేది ఉత్తర ప్రత్యుత్తరాలే.

థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి చేయించే బీమా, ప్రీమియం లెక్క కూడా చూడండి. 2022 జూన్ నుంచి అమలులోకి వచ్చిన రేట్లలో 1,000 నుంచి 1,500 సీసీ వరకు ప్రైవేటు కారుకు ఏడాదికి 3,416 రూపాయలు, 1,500 దాటితే 7,897 రూపాయలు. మటడార్ ఇంజన్ 1,500 సీసీకి పైబడినదే కనుక మీరు కట్టవలసిన దానిలో సగం కూడా కట్టడం లేదన్నమాట. ముఖ్యమైన వాస్తవాన్ని దాచి పాలసీ పొందారని కంపెనీ నిరూపించగలిగితే, గాయపడిన వ్యక్తికి పరిహారం అందిన తరువాత కూడా ఆ సొమ్మును యజమాని నుంచి రాబట్టమని ట్రిబ్యునల్ ఆదేశించే ప్రమాదం ఉంది. ఇల్లు అమ్ముకోవలసిన పరిస్థితి వచ్చేది ఇలాంటి చోటే, గీతలు పడిన బంపరు దగ్గర కాదు.

చెప్పి చేసిన మార్పుకు పెద్దగా ఖర్చు కాదు. ఆర్‌సీలో ఎక్కించిన సీఎన్‌జీ లేదా ఎల్‌పీజీ కిట్‌కు టారిఫ్ ప్రకారం కిట్ విలువలో 4 శాతం, థర్డ్ పార్టీ కింద మరో 60 రూపాయలు అదనం, అంతే. అదే కిట్‌ను దాచినవారు క్లెయిము కోసం తిరిగిన తిరుగుడు నేను కళ్లారా చూశాను.

విల్లీస్_అనంతపురం:
చట్టం మాట కూడా చేర్చాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను 1988లో రాసినప్పుడు, ముందుగా తెలియజేసి అనుమతి పొందితే మార్పు చేసుకోవచ్చు అనే ధోరణిలో ఉండేది. 2000లో చేసిన సవరణతో, తయారీదారు నిర్దేశించిన వివరాలకు ఆర్‌సీ వివరాలు భిన్నమయ్యేలా ఏ మార్పూ చేయకూడదని బిగించారు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో దాన్నే గట్టిగా చెప్పింది. కాబట్టి మీ నాన్నగారు 1996లోనే దరఖాస్తు పెట్టి ఉంటే కాగితం దొరికేదేమో, ఇప్పుడు ఆ మార్పును ఆర్‌సీలో ఎక్కించడం చాలా కష్టం. పైగా అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల వరకు జైలు గానీ విధించే 182ఏ సెక్షను కూడా ఉంది. నా జీపుకు వెడల్పు చక్రాలు, రేకు టాపు పెట్టించి, కాగితాలకు భయపడి రెండేళ్ల తరువాత అన్నీ విప్పించాను. విప్పిన టాపు ఇప్పుడు కోళ్ల గూడుగా పనికొస్తోంది.

బర్మింగ్‌హామ్_మినీ:
ఇక్కడి పద్ధతి పోలికగా పనికొస్తుందని రాస్తున్నాను. బ్రిటన్‌లో నలభై ఏళ్లు దాటిన కారును హిస్టారిక్ తరగతిలో పెట్టిస్తే రోడ్డు పన్ను సున్నా అవుతుంది, అయినా ప్రతి సంవత్సరం పన్ను నమోదు చేయించుకోవాలి. 2018 మే నుంచి బండి రోడ్డు మీద తిరగడానికి తగినదేనా అని ఏటేటా చూసే ఎంఓటీ పరీక్ష కూడా తప్పింది, అయితే గత ముప్పై ఏళ్లలో గణనీయమైన మార్పు జరిగి ఉండకూడదు. నా 1970 మినీకి 998 సీసీ ఇంజన్ తీసి 1,275 సీసీ పెట్టాను. రెండూ ఒకే మూల ఇంజన్‌కు వేర్వేరు పరిమాణాలు కనుక అది గణనీయమైన మార్పు కిందికి రాలేదు. రిజిస్ట్రేషన్ పత్రంలో మాత్రం కొత్త నంబరు, కొత్త సీసీ రాయించుకున్నాను.

బీమా విషయంలో 2012 నాటి చట్టం ఒక మధ్యే మార్గం చూపింది. అజాగ్రత్త వల్ల మార్పును చెప్పకపోతే, అసలు తీసుకోవలసిన ప్రీమియంలో మనం కట్టిన వంతు ఎంతో, క్లెయిములో అంత వంతు చెల్లించవచ్చు. కావాలని దాస్తే మాత్రం పాలసీనే రద్దు చేయవచ్చు. క్లబ్బులో చేరిన కొత్తవారికి ఇంజన్ బిగించే ముందు బీమా కంపెనీకి ఉత్తరం రాయమని చెబుతుంటాము.

ఫియట్1100_సికింద్రాబాద్:
పన్ను లెక్క కొంచెం వేసి చూశాను. ఇరవై ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుము 2025 ఆగస్టు నుంచి 10,000 రూపాయలు. అయిదేళ్లకోసారి కనుక పదేళ్లకు 20,000 అవుతుంది. వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు మొదటిసారి 20,000, అది పదేళ్లు చెల్లుతుంది. అంటే మొదటి పదేళ్లలో రుసుములో మిగిలేది ఏమీ లేదు. ఆ తరువాతి పొడిగింపు 5,000 కనుక లాభం రెండో దశాబ్దంలో కనిపిస్తుంది. వీటికి తోడు సాధారణ కారుకు, పాత బండ్ల మీద వేసే హరిత పన్ను ఉండనే ఉంది, ఉమ్మడి రాష్ట్రంలో అది అయిదేళ్లకు 500 రూపాయలుగా ఉండిన రోజులు గుర్తున్నాయి. వింటేజ్‌గా రిజిస్టరైన ప్రైవేటు కారుకు థర్డ్ పార్టీ ప్రీమియంలో సగం తగ్గింపు ఉంది కనుక, అసలు ఇంజన్‌తో మీ అంబాసిడర్‌కు ఏడాదికి 1,708 రూపాయలు మిగులుతాయి. ఈ డబ్బు కోసం ఆ బండిని వసారాలో కట్టేసుకోవడం అవసరమా అన్నది మీరే తేల్చుకోవాలి.

విశ్రాంత_సర్వేయరు:
దానికి ఒక చిన్న చేర్పు. అయిదేళ్లు దాటిన బండి విలువను కంపెనీ, యజమాని పరస్పర అంగీకారంతో నిర్ణయించుకోవాలన్నది నియమం. కనుక పాలసీ తీసుకునేటప్పుడే ఫోటోలు, మరమ్మతు బిల్లులు ఇచ్చి మాట్లాడుకోకపోతే ఏదో ఒక నామమాత్రపు అంకె వేసి ఇస్తారు. బండి కాలిపోయిన రోజున చేతికి అందేది ఆ అంకె ప్రకారమే.

బెజవాడ_అంబాసిడర్:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న మా పిన్నిగారి ఇంటి గొడ్ల చావిడిలో వెతికితే, గోనె సంచుల కింద పాత ఇంజన్ దొరికింది. తుప్పు తుడిచి చూస్తే బ్లాకు మీది నంబరు ఆర్‌సీలో ఉన్న నంబరుతో సరిపోయింది. మెకానిక్ సిలిండర్లకు బోరు వేయించి, క్రాంక్ గ్రైండింగ్ చేయిస్తే నడుస్తుందని అంటున్నాడు. సర్వేయరు గారూ, ఇంజన్ మారేవరకు బండిని బయటికి తీయను. బీమా కంపెనీకి అసలు సంగతి ఇప్పుడే రాయడమా, పాత ఇంజన్ ఎక్కిన తరువాత రాయడమా?

విశ్రాంత_సర్వేయరు:
ఇప్పుడే రాయండి, రసీదు తీసుకోండి. వసారాలో ఉన్నా అది డీజిల్ కారే. పాత ఇంజన్ ఎక్కాక నంబరు ఫోటోతో రెండో ఉత్తరం రాసి, ఆ తరువాతే రిజిస్ట్రేషన్ పొడిగింపుకు వెళ్లండి.