బయటి దేశాలతో వ్యాపారం తెరిస్తే మనలాంటోళ్లకు నిజంగా మేలేనా?

పెనుమూరు_పిల్లోడు:
అన్నలూ అక్కలూ, తిరుపతిలో ఎమ్మే ఎకనామిక్స్ చదువుతా ఉండా. సుంకాలు తగ్గించి సరుకుని అటూ ఇటూ పోనిస్తేనే పేద దేశాలు పైకొస్తాయని మా సార్ అంటాడు, మా నాయనేమో పామాయిల్ దిగినాకే చెనక్కాయ ఎత్తిపోయింది అంటాడు, మా నాలుగెకరాల్లో ఇప్పుడంతా తోతాపురి మామిడే. 2025లో కాయ కోసుకోని పోతే ఫ్యాక్టరీ గేటు కాడ రెండు రాత్రులు ట్రాక్టర్లోనే పడుకున్నాం, అడుగు కాయ నలిగి రసం కారిపోతా ఉండె. ఎవురి మాట నమ్మేది?

గుజ్జు_లైను:
తమ్ముడూ, చిత్తూరు పక్కన గుజ్జు ఫ్యాక్టరీలో పన్నెండేళ్లుగా చేస్తా ఉండా. తోతాపురికి పెద్ద గిరాకీ గుజ్జుకే. ఆ గుజ్జు సంచుల్లో నింపి ఇనప డ్రమ్ముల్లో పెడతాం, డ్రమ్ముకి సుమారు 215 కేజీలు, లారీలో చెన్నై పోర్టుకి పోయి ఆడనుంచి సౌదీకి, నెదర్లాండ్స్‌కి పోతాది. 2025లో ముందేడు స్టాకే కదల్లేదు, అందుకే గదా కాయ కేజీకి ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 కలిపి 12 రూపాయలు అన్నారు. కొనే దేశాలు ఇంకా పెరగాల తమ్ముడూ, తలుపు మూస్తే ఈ డ్రమ్ములు ఎవురు కొంటారు?

సత్యవేడు_అక్క:
శ్రీసిటీలో 2015లో ఫాక్స్‌కాన్ వాళ్లు షావోమీ ఫోన్లు మొదలుపెట్టినారు. ఇట్లాంటి లైన్లలో నేనూ చేసినా, సగం పార్టులు బయటినుంచే వస్తాయి, చిన్న పార్టు పోర్టులో ఆగిపోతే మేమంతా చేతులు కట్టుకోని కూర్చోవాల్సిందే. దిగుమతి మీద పన్నేస్తే మనం చేసే సరుకు మీద ఏసినట్టే. మొదటేడు జీతం దాచి మా ఇంటికి బాత్రూం కట్టించినా, అంతకుముందు మా అమ్మ చీకటి పడేదాకా ఆగేది.

పాత_మాస్టారు:
బాబూ, మీ నాయన చెప్పిందాంట్లో నిజముంది. 1994లో పామాయిల్‌ని 65 శాతం సుంకంతో ఎవురైనా తెచ్చుకోవచ్చన్నారు, తర్వాత సుంకం ఇంకా తగ్గించుకుంటా పోయినారు, కూలోళ్ల ఇంట్లో పొయ్యి మీదికి నూనె వచ్చింది గానీ వానని నమ్ముకున్న చెనక్కాయ రైతు నలిగిపోయినాడు, దానికి తోడు కరువులు. అదే వియత్నాం చూడు, 1986లో సంస్కరణలు మొదలుపెట్టి తలుపులొక్కటే తెరవలేదు, భూమిని రైతు కుటుంబాల చేతికిచ్చినారు, బియ్యం కొనుక్కునే దేశం 1989కల్లా అమ్మే దేశమైంది, ఇప్పుడు కాఫీలో బ్రెజిల్ తర్వాత వాళ్లే. ఈడ చెనక్కాయోడికి ఇంకో దారి చూపించకుండానే తెరిచినారు, నాకు బాధంతా ఆడే.

పెనుమూరు_పిల్లోడు:
అందరిదీ నాయనకి చదివి వినిపించినా. మాస్టారు మాటకాడ ఆపమని, "ఆ పొద్దు ఒక బోరు ఏయించి ఉంటే మామిడి పదేళ్లు ముందే పెట్టేవాణ్ణి" అన్నాడు. రేపు క్లాసులో సార్‌ని ఇదే అడగతా.