ఉదయగిరి ముట్టడిని కామిక్‌గా రాస్తున్నా, కాస్త దారి చూపండి

మాది కావలి. బొమ్మల కథలంటే పిచ్చి. మా నాయనకు మాత్రం అవి ఇప్పటికీ పిల్లకాయల పుస్తకాలే. గజపతుల చేతుల్లో ఉన్న ఉదయగిరి కోటను కృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి 1514లో గెలిచిన కథను 32 పేజీల్లో రాస్తున్నా. బొమ్మలేయడం నాకు రాదు. ఆర్టిస్టుకిచ్చే స్క్రిప్టులో ఒక్కో ప్యానెల్‌ను, అంటే పేజీలో ఒక్కో బొమ్మ గడిని, ఎంతవరకు వర్ణించాలి? కొండ, గోడ, ఏనుగు అని రాసి వదిలేస్తే చాలా?

అసలు తలనొప్పి మాటల బుడగలతో. మన అక్షరాలకు పైన గుడి, కింద ఒత్తు, అందుకని వరసల మధ్య జాగా వదలాలి. నాలుగు వరసలు రాస్తే సగం బొమ్మ మాయం! ఎంతలో ఆపుతారు? రాయలు గ్రాంథికం మాట్లాడినా, సైనికులకు మన నెల్లూరు యాస పెట్టొచ్చా? ఆర్టిస్టుకు పేజీకి ఎంత ఇవ్వాలో కూడా తెలిసినవాళ్లు చెప్పండి.