ఇంజిన్‌లోని నీటిని దించేస్తే చాలునా, యాంటీఫ్రీజ్ కూడా పట్టించాలా?

కొత్తరేవు:
మా పడవది ఇన్‌బోర్డ్ (పడవ లోపలే బిగించిన) పెట్రోల్ ఇంజిన్. సరస్సు నీటినే నేరుగా లోపలికి తోడుకుని చల్లబడే రకం. ఈ వారాంతంలో పడవను గట్టుకు ఎక్కించి, చలికాలమంతా ఆరుబయట కప్పి ఉంచాలనుకుంటున్నాను. మంచు బాగా పడే ప్రాంతం. ఇంజిన్ నడుస్తుండగా గొట్టం ద్వారా గులాబీ రంగు యాంటీఫ్రీజ్ (చలికి గడ్డకట్టకుండా కాపాడే ద్రవం) పట్టిస్తామని, ఎగ్జాస్ట్ నుంచి ఆ రంగు బయటికి వస్తే పని పూర్తయినట్టేనని పడవల మరమ్మతు యార్డువారు చెబుతున్నారు. తెలిసినవారొకరు మాత్రం ఇంజిన్‌లో నీరు దించే రంధ్రాలకు ఉన్న ప్లగ్గులన్నీ (మూతలు) విప్పి నీటిని దించడమే సరైన పద్ధతి అంటున్నారు. ఏది చేయించాలి?

పాతమోటారు:
ఎగ్జాస్ట్ నుంచి గులాబీ రంగు వచ్చిందంటే ఎగ్జాస్ట్ దాకా యాంటీఫ్రీజ్ చేరిందని మాత్రమే అర్థం. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు థర్మోస్టాట్ (వేడికి తెరుచుకునే కవాటం) మూసుకునే ఉంటుంది కనుక, ఈ రకం ఇంజిన్లలో చాలావాటిలో పంపు తోడిన ద్రవంలో ఎక్కువ భాగం బ్లాకు (ఇంజిన్ ప్రధాన ఇనుప దిమ్మ) లోపలికి పోకుండా మానిఫోల్డుల (పొగను ఎగ్జాస్ట్‌కు చేర్చే భాగాల) మీదుగా బయటపడుతుంది. బ్లాకులో వేసవి నీరు అలాగే మిగిలి ఉంటుంది. నీరు గడ్డకట్టినప్పుడు దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. పోత ఇనుముకు సాగే గుణం లేదు కాబట్టి పగులుతుంది.

ప్లగ్గులు విప్పేటప్పుడు మరొక సంగతి గుర్తుంచుకోండి. ప్లగ్గు తీయగానే రెండు చుక్కలు రాలి ఆగిపోతే లోపల నీరు లేదని అనుకోకండి. తుప్పు పెళ్ళలు, ఇసుక ఆ రంధ్రానికి అడ్డుపడి ఉంటాయి. గట్టి తీగను లోపలికి పోనిచ్చి కదిపితే, అప్పుడు ఎర్రటి నీరు ఒక్కసారిగా చేతి మీదకు దూకుతుంది. బ్లాకుకు రెండు వైపులా, రెండు మానిఫోల్డులకూ ఇలాగే చేయాలి.

నీలిచాప:
మీరు చెప్పిన లోపం పని తెలియనివారు చేసినప్పుడు వచ్చేది. ముందుగా ఇంజిన్‌ను వేడెక్కించి, థర్మోస్టాట్ తెరుచుకున్న తర్వాత యాంటీఫ్రీజ్ పట్టిస్తే అది బ్లాకంతా తిరుగుతుంది. నీటిని దించి ఖాళీగా వదిలేసిన బ్లాకు లోపలి గోడలు తడిగానే ఉంటాయి. ఆ తడికి గాలి తోడైతే నెలల తరబడి తుప్పు పడుతుంది. తుప్పును నిరోధించే రసాయనాలున్న యాంటీఫ్రీజ్ ఆ గోడలను తడిపి ఉంచడం ఇంజిన్‌కు మేలే చేస్తుంది.

గాలివాటు:
మాది ఔట్‌బోర్డ్, పడవ వెనక బయట తగిలించే ఇంజిన్. నిటారుగా నిలబెడితే నీరంతా దానంతటదే కారిపోతుంది. మాకు ఈ గొడవ లేదు.

నీలిచాప:
గాలివాటు గారూ, గేర్ ఆయిల్ మాత్రం వసంతం దాకా ఆగకుండా ఇప్పుడే మార్చండి. అది పాలరంగులోకి మారి ఉంటే సీలు దాటి నీరు చేరిందని గ్రహించాలి. ఆ నీరు గడ్డకడితే కింది గేర్ పెట్టె పగులుతుంది.

పాతమోటారు:
వేడెక్కించడం గురించి నీలిచాప గారు సగమే చెప్పారు. సుమారు 60 డిగ్రీల దగ్గర తెరుచుకునే థర్మోస్టాట్, చల్లటి యాంటీఫ్రీజ్ తగలగానే మళ్ళీ మూసుకోవడం మొదలుపెడుతుంది. అది పూర్తిగా మూసుకోకపోయినా, బ్లాకులో అప్పటికే ఉన్న నీటితో కలిసి యాంటీఫ్రీజ్ పలచబడుతుంది. డబ్బా మీద మైనస్ 50 అని ఉండే రకాలలో ఆ అంకె సాధారణంగా ఫారెన్‌హీట్‌లో ఉంటుంది, అంటే దాదాపు మైనస్ 46 సెల్సియస్. అది కూడా గొట్టాలు పగలకుండా ఉండే హద్దే తప్ప గడ్డకట్టే స్థాయి కాదు. ద్రవం అంతకు చాలా ముందే గుజ్జులా మారుతుంది. నీరు కలిసిందంటే ఆ హద్దు ఎక్కడికి జారిందో ఎవరు కొలిచారు?

తుప్పు విషయానికి వస్తే, ఇంటి నీటి గొట్టాల కోసం అమ్మే చవక రకాలలో ఇంజిన్‌కు పనికివచ్చే నిరోధకాలు ఉంటాయన్న హామీ లేదు. డబ్బా మీద ఇంజిన్లకు అని స్పష్టంగా వ్రాసి ఉంటేనే మీ వాదన నిలుస్తుంది.

రేవుపిట్ట:
బ్లాకు పక్కన గుండ్రటి లోహపు బిళ్ళలు ఉంటాయి కదా. నీరు గడ్డకడితే అవి ముందుగా ఊడిపోయి బ్లాకును కాపాడతాయని విన్నాను.

పాతమోటారు:
బ్లాకును పోత పోసిన తర్వాత లోపలి ఇసుక అచ్చును తీయడానికి వదిలిన రంధ్రాలకు మూతలు అవి. ఒక్కోసారి ఊడవచ్చు. చాలాసార్లు బిళ్ళ బిళ్ళలాగే ఉంటుంది, పక్కన ఇనుము చీలుతుంది.

నీలిచాప:
ఎంత పలచబడిందో కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ ఉంది. ఎగ్జాస్ట్ నుంచి వచ్చే ద్రవాన్ని ఒక చుక్క అద్దం మీద వేసి చూస్తే తెలిసిపోతుంది. పనితనం ఉన్నవారు అది చేస్తారు.

పాతమోటారు:
ఎగ్జాస్ట్ నుంచి వచ్చే చుక్క బ్లాకులో ఉన్న ద్రవం గురించి ఎలా చెబుతుంది? మొదటి ప్రశ్న దగ్గరికే మళ్ళీ వచ్చాము. కొలవాలంటే ప్లగ్గు విప్పి బ్లాకు నుంచే చుక్క తీయాలి. ప్లగ్గు విప్పడానికి కిందికి దూరినవారు నీటిని కూడా దించేయవచ్చు కదా.

నీలిచాప:
మీరు ఆ ఒక్క ప్లగ్గునే పట్టుకుని వేలాడుతున్నారు. మంచి పద్ధతి అంటే రెండూ చేయడమే: ముందు దించడం, తర్వాత థర్మోస్టాట్ దగ్గర పైనుంచి నింపడం. దానిని ఎవరూ కాదనలేదు.

పాతమోటారు:
మొదటి సందేశంలో కొత్తరేవు గారికి యార్డువారు చెప్పింది అది కాదు. మీరు సమర్థించడం మొదలుపెట్టింది కూడా అది కాదు.

నేను ఎందుకు ఇంత పట్టుబడుతున్నానో చెబుతాను. ఒక యార్డుకు డబ్బు కట్టి ఇదే పని చేయించుకున్నాను. బిల్లు మీద ‘చలికాలపు పని పూర్తి’ అని ఒక్క ముక్క వ్రాశారు. వసంతంలో ఆయిల్ పుల్లను బయటికి తీస్తే దానికి తెల్లటి జిగురు అంటుకుని వచ్చింది, అంటే ఆయిల్‌లో నీరు కలిసింది. బ్లాకు పక్కన, తుప్పు కింద, వెంట్రుక మందాన పొడవాటి గీత. అడిగితే గులాబీ రంగు వచ్చేదాకా పట్టించామన్నారు. గడ్డకట్టి జరిగిన నష్టం తమ పాలసీలో లేదని బీమావారు చెప్పారు. చివరికి ఇంజిన్ నా ఖర్చుతోనే మారింది. అందుకే ఈ పనిని పరాయి చేతిలో పెట్టవద్దంటాను.

నీలిచాప:
ఇప్పటిదాకా చెప్పలేదు కానీ, నేను యార్డులోనే పనిచేస్తాను. మీకు నష్టం చేసినవారిని వెనకేసుకు రాను. అయినా ప్రతి చర్చలోనూ మా వృత్తినంతటినీ దొంగల గుంపుగా చూపించడం వినలేకపోతున్నాను. సీజన్ ముగిసిందని అందరికీ తెలిసి కూడా, ఒక రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు పడిపోయేదాకా ఎవరూ కదలరు. మర్నాడు ఉదయం అందరూ ఒకేసారి ఫోన్ చేసి, సాయంత్రానికల్లా అయిపోవాలంటారు. ఇంజిన్ గది మూత తీసి, బోర్లా పడుకుని, కనబడని ప్లగ్గును వేళ్ళతో వెతికి విప్పి, తీగతో పొడిచి, దించినదంతా పళ్ళెంలోకి పట్టాలి. దానికి పట్టే సమయానికి కూలి అడిగితే, పక్క యార్డులో అందులో సగానికే చేస్తున్నారంటారు. ఆ సగానికి చేసే పని గొట్టం పెట్టి గులాబీ రంగు చూడడమే.

పాతమోటారు:
అయితే తుప్పు, నిరోధకాలు అంటూ ఇంతసేపు చెప్పినదంతా ఎందుకు? సమయం చాలక ఎంచుకున్న దారిని శాస్త్రీయమైన దారిగా మా ముందు పెట్టారు. చవక రకం పని అమ్మండి, తప్పులేదు. ఇందులో బ్లాకు నుంచి నీరు పోయిందన్న హామీ లేదని బిల్లు మీద వ్రాయండి. సగం కూలికి ఒప్పుకున్నవారికి తాము ఏమి కొన్నారో తెలియాలి.

నీలిచాప:
అడిగినవారికి ఏ ప్లగ్గులు విప్పామో, మీటర్ ఎంత చూపిందో వ్రాసి ఇస్తూనే ఉన్నాను. అడిగేవారు తక్కువ. తన ఇంజిన్ ఏ రకమో, అందులో నీరు ఎక్కడెక్కడ నిలుస్తుందో తెలుసుకోకుండా తాళం చెవి మా చేతిలో పెట్టి వెళ్ళిపోయే యజమానికి ఏ బాధ్యతా లేదా?

పాతమోటారు:
అడగకపోయినా వ్రాయాలి. తెలియదు కనుకనే డబ్బిచ్చి తెలిసినవారి దగ్గరికి వస్తారు.

ఒడ్డుకాపరి (నిర్వాహకుడు):
ఇద్దరూ కాస్త శాంతించండి. వృత్తుల మీద వ్యాఖ్యలు ఆపి, అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పండి. దించిన యాంటీఫ్రీజ్‌ను నేల మీదో నీటిలోనో వదలకుండా డబ్బాలోకి పట్టాలని కూడా అందరూ గమనించండి. బ్యాటరీని పూర్తిగా చార్జి చేసి ఉంచండి. చార్జి దిగిన లెడ్ యాసిడ్ బ్యాటరీ కూడా చలికి గడ్డకట్టి పగులుతుంది.

కొత్తరేవు:
యార్డువారితో మాట్లాడాను. శనివారం నేను దగ్గర ఉండగానే ప్లగ్గులన్నీ విప్పి నీటిని దించి, వాటిని తిరిగి బిగించి, థర్మోస్టాట్ దగ్గర పైనుంచి ఇంజిన్లకు ఉద్దేశించిన యాంటీఫ్రీజ్‌తో నింపడానికి ఒప్పుకున్నారు. కూలి ఎక్కువే అడిగారు, ఇస్తానన్నాను. ఏ ప్లగ్గులు విప్పారో బిల్లు మీద వ్రాయడానికి మొదట తటపటాయించి తర్వాత సరేనన్నారు. నీటి పంపు ఇంపెల్లర్‌ను కూడా తీయించాలా?

పాతమోటారు:
తీయించండి. రబ్బరు రెక్కలు నెలల తరబడి ఒకే వైపు వంగి ఉంటే అదే వంపులో బిగుసుకుపోతాయి.

నీలిచాప:
తీసిన ఇంపెల్లర్‌ను తాళం చెవితో పాటు ఒక సంచిలో వేసి స్టీరింగ్ చక్రానికి కట్టండి. ఇంపెల్లర్ లేదన్న సంగతి మరిచిపోయి వసంతంలో ఇంజిన్ నడిపినవారిని చూశాను.

పాతమోటారు:
ఆ బిల్లును కూడా అదే సంచిలో పెట్టండి.