గట్టు మీద కాపలా పాకకి కొబ్బరినూనె సీసాలు, మైనం సిలిండర్ కిటికీ పనికొస్తాయా?

గట్టుపాక:
ముమ్మిడివరం వైపు రొయ్యల చెరువు గట్టు మీద పాక వేయిస్తున్నాం. 8×6 అడుగులు, ఎత్తు 7. తాటాకు కప్పు, కొబ్బరి మట్టల తడికెలు. ధనుర్మాసంలో తెల్లారుజామున 18 డిగ్రీలకి దిగుతోంది, కరెంటు ఏరియేటర్లకే (చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రాలకే) సరిపోతోంది. పగటి వేడి దాచడానికి 20 కిలోల కొబ్బరినూనె, మైనం సిలిండర్‌తో వేడెక్కితే తనే తెరుచుకునే కిటికీ అనుకుంటున్నాం. చాలుతుందాండీ?

లెక్కలమాస్టారు:
చాలదండి. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర పేరుకుంటూ కిలోకి సుమారు 100 కిలోజౌళ్ల వేడి వదులుతుంది. 20 కిలోలకి 2000. ఎనిమిది గంటలకి పంచితే 70 వాట్లు, పక్కన ఇంకో మనిషి పడుకున్నంత. మీ గోడలూ కప్పూ కలిపి 24 చదరపు మీటర్లు. తడికె మీద ఒట్టి టార్పాలినే అయితే పెరిగేది ఒక్క డిగ్రీ. లోపల అంగుళం థర్మోకోల్ వేస్తే రెండున్నర దాకా రావచ్చు, అదీ గాలి చొరబడకపోతేనే. ముందు ఈశాన్యం తడికె, చూరు కింద సందు మూయించండి. థర్మోకోల్‌ని ఎలకలు బతకనివ్వవు, సన్న ఇనుప వల కొట్టించాలి. మూసిన పాకలో కుంపటి మాత్రం వద్దు. అందులోంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనే ఉండదు.

కోనసీమ_కొబ్బరి:
నూనె ఒకే డబ్బాలో పోయకండి. అంచున పేరుకున్న నూనె మధ్యలో వేడిని బయటికి రానివ్వదు. లీటరు సీసాలు మేలు, కరిగితే ఉబ్బుతుంది కాబట్టి పదో వంతు ఖాళీ ఉంచాలి. పగలు ఎండలో పెట్టి, రాత్రి మంచం కింద పేర్చి, చుట్టూ దుప్పట్లు నేలదాకా వేలాడదీస్తే పాకకి కాకుండా మంచానికే వేడి. 24కి దిగగానే గడ్డకట్టదు, ఇంకాస్త చల్లబడాలి. అసలు నల్లరంగు వేసిన డబ్బాలో నీళ్లు 40కి కాగి 20కి దిగితే కిలోకి 84 కిలోజౌళ్లు, ఖర్చు లేకుండా. నూనె గొప్పంతా ఒకే వేడి దగ్గర నిలకడగా వదలడమే.

రాజోలు_మెకానిక్:
సిలిండర్‌లో మైనం వేడికి ఉబ్బి కడ్డీని నెడుతుంది, చల్లబడితే స్ప్రింగు తలుపుని వెనక్కి లాగుతుంది. స్పందించడానికి పావుగంట పైనే పడుతుంది. ఎండ నేరుగా సిలిండర్‌కి తగిలితే లోపల చలిగా ఉన్నా తెరిచేస్తుంది, నీడవైపు బిగించండి. తలుపు తేలిగ్గా ఉండాలి: చెక్క వద్దు, సన్న చట్రానికి ప్లాస్టిక్ షీటు చాలు. ఉప్పుగాలికి ముందు పోయేది స్ప్రింగూ పిన్నులూ, గ్రీజు పెడుతుండాలి. ఊపిరి చెమ్మ తాటాకుకి పట్టకుండా కొప్పు కింద పిడికెడు సందు ఎప్పుడూ వదలండి. తుఫాను కబురొస్తే కడ్డీ పిన్ను తీసి తలుపు గడియ వేసేయాలి, లేకపోతే గాలికి సిలిండర్ వంగిపోతుంది.